తాళంచెవి లోపల, ఓబులేసు బయట

తాళమంటే ఏమిటో తెలియని మనుషుల మధ్య ఇన్నాళ్లూ బతికానని ఓబులేసుకు ఆ ఏడాది వేసవిలో తెలిసింది. తెలియజేసింది కలెక్టరేటు నుంచి వచ్చిన ఉత్తర్వు. జిల్లాలోని ప్రభుత్వ భవనాలన్నింటికీ ఇకనుంచి ఒకే రకం భద్రత ఉండాలని, ప్రతి మండలంలోనూ ఒక సమన్వయ అధికారి ఆ పని చూడాలని అందులో ఉంది. ఎర్రకల్లు మండలానికి ఆ అధికారిగా తహసీల్దారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు ఓబులేసును వేశారు. అడిగి వేసుకున్నది కాదు. మీటింగు జరిగిన రోజు అతను సెలవులో ఉన్నాడు, అంతే.

మొదట విసుక్కున్నాడు. తర్వాత ఉత్తర్వు చివరి పేజీ చదివి సర్దుకుని కూర్చున్నాడు. తనిఖీలో మెరుగ్గా కనబడిన మండలం అధికారిని జిల్లా భద్రతా విభాగంలోకి, అంటే అనంతపురం కలెక్టరేటులోకి తీసుకుంటారట. అక్కడ ఏసీ ఉంటుంది. క్యాంటీన్ ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎర్రకల్లు ఉండదు.

ఎర్రకల్లులో ఆఫీసులన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. తహసీల్దారుది, ఎంపీడీఓది, వ్యవసాయానిది, పశువుల ఆసుపత్రిది, వీటికి తోడు నీటిపారుదల శాఖది. చెరువులో నీళ్లు చూసి ఎన్నేళ్లయిందంటే ఊళ్లో తలా ఒక మాట చెబుతారు గానీ, నీటిపారుదలకు ఒక గది, ఒక బల్ల, ఒక ఫ్యాను మాత్రం ఎప్పుడూ ఉన్నాయి. ఎంపీడీఓ ఆఫీసుకు కెమెరా ఉంది, దానికి వైరు లేదు. పశువుల ఆసుపత్రికి వైరు ఉంది, కెమెరా లేదు. వ్యవసాయ కార్యాలయం తాళం పడాలంటే దాని నెత్తిన రాయితో ఒకటి వేయాలి. తహసీల్దారు ఆఫీసు ఇత్తడి తాళానికి ఏ చెవి పెట్టినా తెరుచుకునేది. మంచి రోజైతే చెవి పెట్టకపోయినా తెరుచుకునేది.

ఇవన్నీ ఒక ఎత్తు, తాళంచెవుల వ్యవహారం ఒక ఎత్తు. ఏ ఆఫీసు చెవీ ఆ ఆఫీసువాళ్ల దగ్గర ఉండదు. వ్యవసాయ కార్యాలయం చెవి పశువుల ఆసుపత్రి అటెండరు సువార్త దగ్గర ఉండేది. ఆసుపత్రి చెవి ఎంపీడీఓ ఆఫీసులో మేకుకు వేలాడేది. ఎంపీడీఓ వాళ్లది వ్యవసాయ కార్యాలయం అటెండరు తిప్పేష్ మొలతాడుకు ఉండేది. ఎవరు ముందు బస్సు దిగితే వాళ్లు అందరివీ తెరిచేవాళ్లు. ఈ సీమలో అది పద్ధతి. వానలు లేక బెంగళూరు పనులకు పోయే కుటుంబం ఇంటికి తాళం వేసి, చెవి పక్కింటివాళ్ల చేతిలో పెట్టి బస్సెక్కుతుంది. పక్కింటివాళ్లూ పోవాల్సి వస్తే రెండు చెవులూ ఆ పక్కింటికి చేరతాయి. ఇంటికి చేసినట్టే ఆఫీసుకూ చేశారు, తప్పేముందని ఎవరికీ తట్టలేదు.

ఓబులేసుకు తట్టింది.

"ఇది ఆఫీసా, అత్తగారిల్లా?" అని అటెండర్లందరినీ నిలబెట్టి అడిగాడు. "మీ చెవి వాళ్ల దగ్గరుంటే, రేపు దొంగ వాళ్ల దగ్గరికి పోయి అడిగితే?"

"అడిగితే ఇయ్యం సార్," అంది సువార్త. "ఎవురప్పా నువ్వు అంటాం."

"తెలిసినోడే దొంగయితే?"

"తెలిసినోడు దొంగెట్లయితాడు సార్?" అన్నాడు తిప్పేష్. విడపనకల్లు అవతల కన్నడ సరిహద్దు పల్లెలో పుట్టిన మనిషి, అనుమానం అనేది ఒంట్లో లేదు.

ఇట్లాంటి వాళ్లతో మాట్లాడి లాభం లేదని ఓబులేసు పనిలోకి దిగాడు. నెల రోజులు అతను పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. ఎంపీడీఓ గారిని, పశువుల డాక్టరు గారిని, నీటిపారుదల ఇంజనీరు గారిని ఒక బల్ల ముందు కూర్చోబెట్టడమే పెద్ద సమన్వయం. మా శాఖ రూలు వేరు అంటారొకరు, మా పైవాళ్లు చెప్పాలి అంటారింకొకరు. అందరి కాళ్లూ గడ్డాలూ పట్టుకుని ఒప్పించాడు. బెంగళూరు కంపెనీ నుంచి ఐదు తాళాలు తెప్పించాడు. నొక్కితే పడే తాళాలు. సుత్తితో కొట్టినా, రంపంతో కోసినా చెక్కుచెదరవని కంపెనీవాడు చెబితే ఓబులేసు ఆ మాటను కనబడిన వాళ్లకల్లా చెప్పాడు. తలుపులకూ ద్వారబంధాల గుంజలకూ నీలం రంగు వేయించాడు. ప్రతి ఆఫీసులో గోడకు ఒక ఇనుప పెట్టె బిగించి, దాని మీద 'తాళంచెవులు' అని రాయించాడు. చెవి పొరుగు ఆఫీసులో ఉండరాదు, బయటి మనుషుల చేతుల్లో ఉండరాదు, సొంత ఆఫీసులో సొంత పెట్టెలోనే ఉండాలి. రెండో జత చెవులన్నీ సమన్వయ అధికారి బీరువాలో ఉండాలి. అదీ ప్రమాణం.

ఇంట్లో ఈ గొప్పలు చెబితే భార్య లక్ష్మీదేవి వినేది గానీ ఆమె చూపు ఆకాశం మీద ఉండేది. ఓబులేసు జీతం చేస్తే, ఆమె చేను చేస్తుంది. ఊరికి పడమటగా ఉన్న ఎర్ర నేల, నీటి ఆధారం లేదు, వానే దిక్కు. మృగశిర కార్తె పొడిగా పోయింది. ఆరుద్ర వచ్చినా మేఘం పైనే పోతోంది.

"అనంతపురం పోదాంలే," అని ఓబులేసు ఒకరోజు ఆశగా అన్నాడు. "ఏసీ ఆఫీసు."

"నువ్వు పోయి చల్లగా కూచోపో. నా చేనుకు ఎవురు ఏసీ పెడతారు?" అందామె.

ఎట్టకేలకు తనిఖీ మంగళవారమని కబురొచ్చింది. సోమవారం సాయంత్రం సబ్సిడీ శెనక్కాయ విత్తనం లారీలో వచ్చి వ్యవసాయ కార్యాలయంలో దిగింది. పంపిణీ మంగళవారమే మొదలుపెడదామని తిప్పేష్ అన్నాడు. తనిఖీ రోజున ఆవరణలో గోనెసంచులూ జనమూ ఏమిటని ఓబులేసు బుధవారానికి మార్పించాడు. ఒక్క రోజులో ఏం మునిగిపోతుంది?

కొత్త తాళాలు మొదటిసారి వేయడానికి సాయంత్రం ఐదింటికి ఓబులేసు ఈల వేశాడు. ఐదు ఆఫీసుల్లో ఐదుగురు ఒక్కసారే తమ తమ చెవులను తమ తమ పెట్టెల్లో పెట్టి, బయటికొచ్చి, తలుపు లాగి, తాళాలు నొక్కారు. ఐదు తాళాలూ ఒకే చప్పుడు చేశాయి. అంత క్రమశిక్షణ ఎర్రకల్లు చరిత్రలో లేదు. ఓబులేసు కళ్లు చెమర్చాయి. రెండో జత చెవులు అప్పటికే అతని బీరువాలో, ఆ బీరువా తహసీల్దారు ఆఫీసులో భద్రంగా ఉన్నాయి. అందరూ ఒకరినొకరు మెచ్చుకుని బస్సెక్కారు. ఎవరి తల్లోనూ ఏ సందేహమూ రాలేదు, ఎందుకంటే పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వాళ్లకు తెలిసిన చెవి ఎప్పుడూ పక్కవాడి దగ్గరే ఉంటుంది.

ఆ రాత్రి వాన కురిసింది. మామూలు వాన కాదు, నేల తాగినంత కురిసింది.

తెల్లవారేసరికి ఊరంతా మట్టి వాసన. లక్ష్మీదేవి కాఫీ కూడా తాగకుండా, విత్తనం వేసే ట్రాక్టరు గొర్రుకు ఫోను చేసింది. ఆ రోజు ఆ గొర్రు కోసం ఎన్ని ఫోన్లు వచ్చాయో ట్రాక్టరు వాడికే తెలియాలి. చివరికి మధ్యాహ్నానికి వస్తానన్నాడు, అప్పటికి విత్తనం చేనులో ఉండాలన్నాడు. విత్తడానికి సరిపడే తడి, ఆ పదును, ఎర్ర నేలలో ఎక్కువ సేపు ఆగదు. ఎండ తగిలితే ఇవాళ ఉన్నది రేపు ఉండదు. ఇవాళ విత్తితే ఈ ఏడు పంట, లేకపోతే మళ్లీ బెంగళూరు బస్సు.

ఓబులేసు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు చేరేసరికి ఆవరణ నిండా జనం. సంచులు, ఎద్దుల బండ్లు, ఆటోలు. అందరికన్నా ముందు పెద్ద రైతు గంగప్ప వ్యవసాయ కార్యాలయం గడప మీద కూర్చుని ఉన్నాడు. ఐదు ఆఫీసుల సిబ్బందీ ఎండలో నిలబడి ఉన్నారు.

"ఏమప్పా, లోపలికి పోకుండా ఈడ నిలబడినారు?" అన్నాడు ఓబులేసు.

"చెవి ల్యాదు సార్," అన్నాడు తిప్పేష్.

"యాడుండాది?"

"పెట్టెలో సార్."

"పెట్టె యాడుండాది?"

"లోపల సార్."

ఓబులేసు సువార్త వైపు తిరిగాడు. సువార్త కూడా లోపల అన్నట్టు తల ఊపింది. ఎంపీడీఓ ఆఫీసు అటెండరు వైపు తిరిగాడు, అతను నేల చూశాడు. నీటిపారుదల వాళ్లు అసలు తలెత్తలేదు.

"పరవాలేదు," అన్నాడు ఓబులేసు గంభీరంగా. "రెండో జత నా బీరువాలో..."

మాట అక్కడే ఆగిపోయింది. బీరువా ఉన్న ఆఫీసు తలుపులకు ఈవల తను నిలబడి ఉన్నాడు. ఆ తలుపులకు తాళం, ఆ తాళానికి చెవి గోడ పెట్టెలో, గోడ పెట్టె లోపల. ఐదు భవనాలకూ సమానమైన భద్రత కుదిరింది. ఇక వాటిలోకి దొంగా రాలేడు, దొరా పోలేడు.

కంపెనీకి ఫోను చేస్తే మనిషిని రేపు సాయంత్రానికి పంపుతామన్నారు. తహసీల్దారు గారు అనంతపురంలో మీటింగులో ఉన్నారు, ఫోను ఎత్తలేదు. కిటికీలకు ఇనుప కడ్డీలు ఉన్నాయి, అవి కూడా ఓబులేసు బిగించినవే. గంగప్ప లేచి వచ్చి ఓబులేసు ముఖంలోకి చూశాడు.

"ఓబులేసూ, నా బతుకులో కరువు చూసినా, దొంగల్ని చూసినా. వాన పడినాక విత్తనానికి తాళమేసినోన్ని నిన్నే చూస్తాండా."

అప్పుడే తెల్ల జీపు వచ్చి ఆగింది. జిల్లా తనిఖీ అధికారి రేఖ దిగారు. చేతిలో ట్యాబు, మెడలో కార్డు, చలువ కళ్లద్దాలు. ఆమె ఆవరణను చూశారు. తలుపులకు దూరంగా బుద్ధిగా ఆగిన జనం, మూసి ఉన్న ఐదు తలుపులు, వాటికి మెరిసే ఐదు తాళాలు, బయట బారుగా నిలబడిన సిబ్బంది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"మాక్ డ్రిల్ పెట్టారా ఓబులేసు గారూ? ఒక్క మనిషి కూడా లోపల లేరు! జిల్లా మొత్తం తిరిగాను, ఇంత పక్కాగా ఎక్కడా చూడలేదు."

దేవుడు కొందరికే ఇట్లాంటి దారి చూపిస్తాడు.

"అవును మేడమ్," అన్నాడు. "డ్రిల్లే."

"ఎప్పటిదాకా?"

"రేపు... రేపు సాయంత్రం దాకా మేడమ్."

"అద్భుతం. మీ పేరు నేనే రాసి పంపుతాను. కలెక్టరేటుకు మీలాంటి వాళ్లే కావాలి." ఆమె ట్యాబులో వేలు ఆడిస్తూ మొదటి తాళం వైపు నడిచారు.

ఏసీ గాలి అప్పుడే వీపుకు తగిలినట్టయింది ఓబులేసుకు. సరిగ్గా ఆ సమయంలో జనంలోంచి లక్ష్మీదేవి వచ్చి అతని ముందు నిలబడింది. చీర కుచ్చిళ్లకు బురద, భుజాన ఖాళీ సంచులు. తిడుతుందనుకుని అతను రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె తిట్టలేదు. గుప్పిట ముందుకు చాపి తెరిచింది. అరచేతిలో చేని మన్ను, తడిగా, ఉండ కట్టి ఉంది.

"పట్టుకో," అంది.

అతను పట్టుకున్నాడు.

"రేపు సాయంత్రం దాకా ఇట్లే ఉండమని దీనికి చెప్పు. నీ డ్రిల్లు సంగతి దానికి తెలీదు గదా."

ఓబులేసు వేళ్లు వాటంతట అవే మన్నును నలిపాయి. అతని నాయన కూడా ఇట్లాగే నలిపి చూసి విత్తేవాడు. ఉండ విరిగింది, పొడి కాలేదు. ఇదే పదును. ఇంతకన్నా మంచి పదును ఈ ఎర్ర నేలకు రాదు. ఏ పుస్తకమూ చదవకుండానే ఆ సంగతి అతని చేతికి తెలుసు, అది అతనికి చిన్నప్పుడే వచ్చిన విద్య. ఏసీ ఆశతో ఇన్నాళ్లూ ఆ చేతిని జేబులో పెట్టుకు తిరిగానని అతనికి సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది, చెవులు కాలినంత.

"మేడమ్," అని పిలిచాడు. "డ్రిల్లు కాదు మేడమ్. చెవులన్నీ లోపల పెట్టి తాళాలేసుకున్నాం."

రేఖ వెనక్కి తిరిగారు. "చెవులన్నీ?"

"అన్నీ మేడమ్. నేనే పెట్టించినా. ఈ తాళం పగలగొట్టాల. విత్తనం లోపల ఉండాది."

"ప్రభుత్వ తాళం పగలగొడతారా? భద్రత అధికారి మీరే కదా!"

"అందుకే మేడమ్, వేరేవాళ్లు పగలగొడితే నేరమైతాది," అన్నాడు ఓబులేసు.

గంగప్ప బండిలోంచి గడారి తీసి ఇచ్చాడు. గడారి అంటే గుంతలు తవ్వే బరువైన ఇనుప కడ్డీ. ఓబులేసు చొక్కా చేతులు మడిచి తాళం మీద ఒక్క పోటు పొడిచాడు. తాళం కదల్లేదు. ఇంకోటి పొడిచాడు. గడారి మొన వంగింది. తిప్పేష్ వచ్చి బండరాయితో కొట్టాడు, రాయి పగిలింది. ట్రాక్టరు డ్రైవరొకడు వచ్చి బూతులు కూడా తిట్టి చూశాడు. తాళం మీద గీత పడలేదు. రేఖ దగ్గరికొచ్చి వంగి చూశారు.

"నిజంగానే చాలా మంచి తాళం," అన్నారు, ఉండబట్టలేక.

"కంపెనీవాడు అప్పుడే చెప్పినాడు మేడమ్," అన్నాడు ఓబులేసు రొప్పుతూ. అంత దుఃఖంలోనూ కాస్త గర్వం అతని గొంతులో వినబడింది.

లక్ష్మీదేవికి ఓపిక నశించింది. "తాళంతో నీకేం పని? జరుగు," అని గడారి లాక్కుని, తలుపు గుంజకూ గోడకూ మధ్య సందులో దూర్చి ఒక్క తోపు తోసింది.

గుంజ ఎప్పుడు చెదలు తినేసిందో ఎవరికీ తెలియదు. దాన్ని నిలబెట్టింది ఓబులేసు వేయించిన నీలం రంగే. ఆ గుంజ ఒక్కసారిగా పుటుక్కుమంది. గుంజ, తలుపు, గడియ, తాళం అన్నీ కలిసి, ఒక్క మేకు కూడా ఊడకుండా, నిదానంగా ముందుకు వంగి పడ్డాయి. ఓబులేసు పక్కకు దూకకపోతే సమన్వయం అక్కడే పూర్తయ్యేది. దుమ్ము సర్దుకున్నాక చూస్తే తలుపు బోర్లా పడి ఉంది, దాని అంచున తాళం భద్రంగా పడే ఉంది. తిప్పేష్ లోపలికి పరుగెత్తి గోడ పెట్టెలోంచి చెవి తెచ్చాడు.

"దొరికింది సార్, చెవి!"

చెవి దొరికింది. తెరవడానికి తలుపు లేదు.

జనం చేసిన అల్లరికి ఆవరణలోని కాకులన్నీ లేచిపోయాయి. రేఖ ముందు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు, తర్వాత అదీ మానేసి నవ్వారు. జీపు డ్రైవరును కూడా పిలిచి సంచులు అందించమన్నారు. గంగప్ప పడిన తలుపు మీద నుంచే నడిచిపోయి తన విత్తనం భుజానికెత్తుకున్నాడు. మిట్టమధ్యాహ్నానికి లక్ష్మీదేవి సంచులు చేనికి చేరాయి, వాటి వెనకే గొర్రు చేరింది. తక్కిన నాలుగు ఆఫీసులూ మర్నాడు సాయంత్రం దాకా మూసే ఉన్నాయి. జనానికి పెద్దగా తేడా కనబడలేదు.

పోయేముందు రేఖ ట్యాబులో ఏదో నమోదు చేస్తుంటే ఓబులేసు తొంగి చూశాడు. 'వ్యవసాయ కార్యాలయం. తాళం: ప్రమాణాలకు తగినట్టుగా ఉంది. తలుపు: లేదు.'

మర్నాడు పొద్దున తిప్పేష్ ముఖం వాలేసుకుని వచ్చాడు. తలుపు లేని గదిలో రాత్రంతా మిగిలిన విత్తనం మూటలు ఉన్నాయి. ఓబులేసు అతనికి ఎదురెళ్లాడు.

"పోయినాయా?"

"ల్యా సార్. అర మూట ఎక్కువుండాది."

ఓబులేసు రెండుసార్లు తనే లెక్క చూసుకున్నాడు. నిజమే. తక్కువైతే ఏం చేయాలో ఉత్తర్వులో వివరంగా ఉంది. ఎక్కువైతే ఏం చేయాలో ఎక్కడా లేదు. రోజంతా తల పట్టుకుని, సాయంత్రం ఇంట్లో భార్యతో చెప్పుకున్నాడు.

"అది నేనే పెట్టొచ్చినా," అంది లక్ష్మీదేవి. "చేనికి పోను మిగిలింది. ఇంకొకరికి తక్కువైతాది గదా. పొద్దున్నే పోతి, తలుపు ల్యాకపాయ. ఎవుర్నీ చెవి అడిగే పని ల్యాకుండా పెట్టొచ్చినా."

ఓబులేసు దగ్గర దానికి ప్రమాణమేదీ లేదు.

కొన్నాళ్లకు కలెక్టరేటు నుంచి మెమో వచ్చింది. భద్రతా సమన్వయ అధికారి అయి ఉండి ప్రభుత్వ తలుపు కూల్చినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఆశ పెట్టుకున్న కుర్చీ వేరే మండలం అతనికి వెళ్లింది. ఒక సెలవు రోజున ఓబులేసు మెమో పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంటే, లక్ష్మీదేవి నీళ్ల సీసా చంకన పెట్టుకుని బయటికొచ్చింది.

"మొలక లేసింది. సూద్దువు రా," అంది. "ఇంటికి తాళమేసి రా."

ఓబులేసు మెమో మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తాళం వేశాడు. చెవి చేతిలో పట్టుకుని ఒక్క నిమిషం నిలబడ్డాడు. జిల్లా మొత్తానికి భద్రత నేర్పాలనుకున్న మనిషి ఆ చెవిని పక్కింటి నారాయణమ్మ చేతిలో పెట్టి, భార్య వెనకే చేని దారి పట్టాడు.